తోకబండి

మో గ్యంగోక్ ఎలాంటిదని మా బజారులో ఎవరినైనా అడగండి. "బంగారంలాంటి మనిషి, నోట్లో నాలుక లేదు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అదే మనుషుల్ని నా గురించి అడిగితే "వండిన కూరలమ్మే మిరానా? అమ్మో, ఒట్టి కుళ్ళుబోతు!" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఎదుటి కొట్టు ముందు నా కొట్టు కంటే ఇద్దరు ఎక్కువ నిలబడితే ఆ పూట నాకు అన్నం సహించదు. వాళ్ళ నెత్తళ్ళ వేపుడులో పంచదార ఎక్కువైందని నలుగురికీ వినబడేట్టు చెబితే తప్ప మనసు కుదుటపడదు. ఏం చేయను, నా పుట్టుకే అంత.

కానీ ఇది నా కథ కాదు, గ్యంగోక్ అక్క కథ. గున్సాన్ రేవూళ్ళో, రైలుపట్టాల పక్కన ఉన్న పాతబజారులో, రెండో సందు మలుపులో ఆవిడది ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే కొట్టు. పుట్టింది సముద్రంలో ఓ దీవిలో. తండ్రి పీతల పడవ మీద పనిచేసేవాడు. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి, వేరేవాళ్ళ కొట్టులో నేల మీద వెంట్రుకలు ఊడుస్తూ పని నేర్చుకుంది. ఓ బస్సు డ్రైవర్ని చేసుకుంది. ఆయన బుసాన్‌లో మంచి పని దొరికిందని వెళ్ళి, అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడు. ఆ సంగతి ఎవరైనా కదిపితే ఆవిడ ఏడవదు, తిట్టదు. "నీ జుట్టు చివర్లు చిట్లిపోయాయే, కాస్త కత్తిరించనా?" అంటుంది. అంతే. మొగుణ్ణి ఎత్తుకుపోయిన ఆడమనిషి ఒకసారి గున్సాన్ వస్తే, ఆమెకీ జుట్టు కత్తిరించి పంపిందని చెప్పుకుంటారు. నేనైతే చెవులు కూడా కత్తిరించి పంపేదాన్ని.

మా బజారు ఆడవాళ్ళందరికీ ఒకటే జుట్టు. పొట్టిగా, గట్టి రింగులుగా, తలంతా గుండ్రంగా. రింగులు తిప్పించుకోవాలంటే జుట్టంతా చిన్న గొట్టాలకి చుట్టలుగా చుట్టి, మందు పూసి, గులాబీరంగు తువ్వాలు కట్టి చాలాసేపు కూర్చోబెడతారు. ఓ చలికాలం అక్క కొట్టులో చలికాచుకునే పొయ్యి పాడైంది. పైఅంతస్తులో ఆటగది ఉంది, వరుసగా కంప్యూటర్లు, వెచ్చగా ఉంటుంది. పొద్దున్నపూట పిల్లలంతా బడిలో ఉంటారు కాబట్టి ఖాళీ. "పైకి పోయి కూర్చోండే, చలికి చచ్చిపోతారు" అని తువ్వాళ్ళతోనే మమ్మల్ని మెట్లెక్కించింది. ఊరికే కూర్చోవడమెందుకని ఎవరో బండ్ల ఆట తెరిచారు. చిన్న చిన్న బొమ్మబండ్లు, గుండ్రటి తలల బొమ్మలు. మందు కడిగే వేళైందని అక్క కిందనుంచి అరిస్తే ఎవ్వరం దిగలేదు. ఆ రోజు నూనెగానుగ బొంగ్రేకి మందు ఎక్కువసేపు ఉండిపోయి, జుట్టు కాలిన తీగల్లా తయారైంది. అయినా ఆమె తల తడుముకోకుండా "ఇంకో ఆట వేద్దామా?" అంది.

అలా మొదలైంది మా జట్టు. అక్క దాన్ని ఎలా కట్టిందో చెప్పాలి, ఎందుకంటే ఆ పద్ధతి ఆవిడకే సొంతం. చురుగ్గా వేళ్ళు ఆడించే వాళ్ళ కోసం ఆవిడ వెతకలేదు. తలకి చుట్టలు వేసుకుని కూర్చున్నప్పుడు ఎవరెలా ఉంటారో చూసేది. "చుట్టలు వేస్తే మనిషి ఎక్కడికీ పోలేదు కదా, అప్పుడు బయటపడుతుంది అసలు బుద్ధి" అనేది. బొంగ్రే కుర్చీలో కూర్చోగానే గురకపెట్టి నిద్రపోతుంది, భూకంపమొచ్చినా కదలదు. అలాంటివాళ్ళు నడుమ ఉంటే దెబ్బ తగిలినా కంగారుపడరని ఆవిడ లెక్క. నేను చుట్టల్లో ఉంటే అద్దంలో నన్ను నేను చూసుకోను. పక్కదాని తల చూస్తాను, దానికి ఎన్ని చుట్టలు వేశారు, నా కంటే మందు ఎక్కువ పూశారా అని. అది గమనించి కూడా అక్క నన్ను ముందుబండి ఎక్కించింది. అందరికంటే ముందుండటం నాకు అప్పట్లో ఎంత అవసరమో ఆవిడకి తెలుసు.

మేమాడేది నలుగురు నలుగురితో తలపడే ఆట. ఎనిమిది బండ్లలో ఏది ముందు గీత దాటితే ఆ జట్టు గెలిచినట్టు. మిగతా ముగ్గురూ ఎక్కడున్నా ఒక్కటే, చెరువులో పడి ఉన్నా ఒక్కటే. దారిలో పెట్టెలుంటాయి, వాటిని గుద్దితే ఆయుధాలు దొరుకుతాయి. ముందున్న వాళ్ళకి దొరికేవన్నీ చిల్లరవి, అరటితొక్కలూ అవీ. వెనకబడిన వాళ్ళకే పెద్దవి దొరుకుతాయి: రాకెట్టు, నీటిబాంబు, జట్టు మొత్తాన్ని ఒక్కసారే కాపాడే కవచం. అందుకని గట్టి జట్టన్నాక ఒకరు కావాలనే చివరన ఉండాలి. పెద్ద ఆయుధాలు ఏరుకుంటూ, సమయం చూసి ముందుబండి కోసం వాడుతూ ఉండాలి. దాన్ని మేం తోకబండి అంటాం. రెండేళ్ళు గ్యంగోక్ అక్కే తోక, నేనే ముందు. గెలిచినప్పుడు తెర మీద ఒక్క పేరే పెద్ద అక్షరాలతో వస్తుంది, ముందుబండిది. గుక్ మిరాన్ అని నా పేరు అలా మెరుస్తుంటే, నా పెళ్ళిలో కూడా అంత సంతోషపడలేదు నేను.

మా రాష్ట్రంలో బజారు వర్తకులకి ఏటా ఆటల పోటీ పెడతారు. బరువులెత్తడం, తాడులాగడం, పాటలు. చివరికి ఈ బండ్లాట కూడా చేర్చారు. పోయినేడాది ఇక్సాన్‌లో సెమీస్ దాకా వెళ్ళాం. గీత కంటికి కనబడుతోంది, నేనే ముందున్నాను, ఇంతలో వెనకనుంచి రాకెట్టు వచ్చి నా బండి గాల్లోకి లేచిపోయింది. ఓడిపోయాం. మావాళ్ళు ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు. నేనే అందర్నీ అన్నాను.

ఈ ఏడు మాలో ఒకామె మనవడు పుట్టాడని జట్టు మానేసింది. ఆ చోటుకి గ్యంగోక్ అక్క వెతికి పట్టుకొచ్చిన మనిషి హేరిమ్.

హేరిమ్ చేపలకొట్టు కొత్తకోడలు. సన్నగా, పొడుగ్గా, చేపలు కడిగినా గోళ్ళు తెల్లగా ఉండే రకం. మొదటిసారి రింగులు తిప్పించుకోవడానికి వచ్చింది. నేను కూరలు సర్దుతూ సందులోంచి అంతా చూస్తూనే ఉన్నాను. అక్క తనే స్వయంగా ఆమె తల కడిగింది. మాకు ఎప్పుడైనా కడిగిందా? మాకు కొళాయి చూపించి "కడుక్కోండే" అంటుంది. తేనెలో ఊరేసిన నారింజతొనల టీ కలిపి ఇచ్చింది. ఆ సీసా అల్మరా వెనక దాచి ఉంటుందని నాకు అంతవరకు తెలియనే తెలియదు. ఇంకా ఒళ్ళు మండే సంగతి వినండి. హేరిమ్ వయసుకి మేమంతా తల్లుల్లాంటివాళ్ళం. నన్ను, బొంగ్రేని 'పిన్నీ' అని పిలిచింది, సబబుగానే ఉంది. గ్యంగోక్‌ని మాత్రం 'అక్కా' అంది. నాకంటే పెద్దది, నన్ను పిన్ని అన్నాక తను అక్క ఎలా అవుతుంది? తర్వాత తెలిసింది, అలా పిలవమని ఆవిడే చెప్పిందట.

ఆ పిల్ల పైకి వచ్చి బండి పట్టుకుంటే మా నోళ్ళు మూతపడ్డాయి. మలుపుల్లో బండి జారుతుంటే కీల మీద ఆమె వేళ్ళు కనబడనంత వేగం. మేం రెండు చేతులతో పట్టుకుని పళ్ళు కొరుకుతూ తిప్పే మలుపులో ఆమె నవ్వుతూ నూడుల్స్ నములుతోంది. బొంగ్రే "ఇదేం చేతులే తల్లీ, చేపలు కోసే చేతులా!" అని చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు.

మర్నాడు పొద్దున అక్క నన్ను కొట్టులోకి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి నా జుట్టు దువ్వుతూ చెప్పింది.

"మిరాన్, ఈసారి పోటీలో ముందుబండి హేరిమ్‌కి ఇద్దామే."

"నేనెక్కడికి పోవాలి?"

"తోకకి రా."

"నువ్వో?"

"నేను నడుమకి పోతాను, బొంగ్రే పక్కన."

అద్దంలో నా మొహం నాకే చూడబుద్ధి కాలేదు. "అంటే నేను ముసలిదాన్నైపోయాననా?" అన్నాను.

"నేనలా అన్నానా?"

"ఇక్సాన్‌లో ఓడగొట్టానని కదూ? చెప్పు, మొహం మీదే చెప్పు!"

"దానికీ దీనికీ సంబంధం లేదు. నీ కళ్ళు నాకు తోకలో కావాలి."

"నా కళ్ళు కావాలా? ఆ పిల్ల వీపు చూడ్డానికా నా కళ్ళు? టీ ఇచ్చావు, తల కడిగావు, అక్కా అనిపించుకున్నావు, ఇప్పుడు నా చోటు కూడా తీసి దాని ఒళ్ళో పెట్టావు! రెండేళ్ళు ఎవరివే గెలుపులన్నీ? ఎవరి పేరే పైన పడింది?"

ఆవిడ దువ్వెన ఆపలేదు. "నీ పేరే పడింది" అంది మెల్లగా. "ప్రతిసారీ నీ పేరే."

ఆ మాటలో ఏదో ఉందని అప్పుడు నాకు తోచలేదు. కుర్చీలోంచి లేచి, సగం దువ్విన తలతోనే బయటికి వచ్చేశాను. ఆ రోజు నా కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ముల్లంగి కిమ్చీ పచ్చడితో పాటు గ్యంగోక్ సంగతి కూడా పొట్లం కట్టి ఇచ్చాను.

రేవుబజారు వాళ్ళ జట్టులో చేరిపోదామా అని కూడా అనుకున్నాను. సాయంత్రం బొంగ్రే వచ్చింది, చేతిలో నువ్వులనూనె సీసా.

"ఏమే, పోటీకి రావా?"

"నేనెందుకు? మీకు మీ బంగారుకోడలు ఉందిగా."

"నువ్వు లేకపోతే తోక ఎవరు పడతారే? నాకు చేతకాదు, నాకు నిద్రొస్తుంది."

"పోనీ ఓడిపోండి."

బొంగ్రే కాస్త ఆలోచించి "ఓడిపోతే చూడ్డానికి దగ్గర నువ్వుండవు మరి" అంది.

మొద్దుదని అనుకుంటాం కానీ, బొంగ్రేకి ఎక్కడ నొక్కాలో తెలుసు. నిజమే కదా. హేరిమ్ నలుగురి ముందు బోల్తాకొడుతుంటే నేను కూరలు తూచుకుంటూ ఇక్కడ కూర్చోవాలా? దగ్గరుండి చూడాలి. ఆ ఒక్క ఆశతో, మర్నాడు పైకి వెళ్ళి తోకబండి పట్టుకున్నాను. అక్క నా ముందు వేడి నూడుల్స్ గిన్నె పెట్టింది, అందులో గుడ్డు ఉంది. పక్కకి తిరిగి హేరిమ్ గిన్నెలో చూశాను. అందులోనూ గుడ్డు ఉంది. నాకు ఆ గుడ్డు రుచి తెలియలేదు.

తోకలో కూర్చున్నాక తెలిసిన సంగతి ఒకటుంది. ముందుబండికి రోడ్డు తప్ప ఏదీ కనబడదు. తోకకి అన్నీ కనబడతాయి. తెర మూలన చిన్న పటం ఉంటుంది, ఎనిమిది చుక్కలు కదులుతూ. ఎవరు ఏ పెట్టె గుద్దారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు ఎవరి మీద కన్నేశారు, అన్నీ. పుట్టినప్పటినుంచీ నేను చేసే పనే అది! ఎదుటి కొట్టు ముందు ఎందరున్నారో లెక్కపెట్టిన కళ్ళు ఇవి. "అక్కా, నీ ఎడమపక్క వాడి దగ్గర నీటిబాంబు ఉంది, జరుగు. బొంగ్రే, మెలకువగా ఉన్నావా, తొక్క వేయి. ఇదుగో అమ్మాయీ, వెనక రాకెట్టు, కుడికి, కుడికి, కుడి అంటే తెలుసా నీకు?" అని అరుస్తూనే ఉండేదాన్ని. మేం ఓడటం మానేశాం. కానీ గెలిచిన ప్రతిసారీ తెర మీద హేరిమ్ పేరు మెరిసేది. ఆ అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి ఎగిరేది. నేను నా గిన్నెలో చల్లారిన పులుసు తాగేదాన్ని.

ఇక బజారంతా హేరిమ్ జపమే. పోటీకి ముందు చేపలకొట్టు ముందు గుడ్డ కట్టారు, 'పాతబజారు మెరుపుకోడలు' అని పెద్ద అక్షరాలతో. ఆమె అత్తగారు నా కొట్టుకి వచ్చి "మా అమ్మాయికి నెత్తళ్ళ వేపుడు ఇష్టం, కాస్త ఎక్కువ వేయండి" అంది. వేశాను. అన్నీ తలలే ఏరి వేశాను.

ఫైనల్స్ జొంజులో, ఓ పెద్ద క్రీడామందిరంలో. నలుగురినీ ఒక వరుసలో కూర్చోబెట్టారు. మొదట హేరిమ్, తర్వాత అక్క, బొంగ్రే, చివర నేను. ఎదురుగా రేవుబజారు జట్టు. వాళ్ళు ఐస్‌బండి వాళ్ళూ, వలలు అమ్మేవాళ్ళూ, ఒక్కొక్కరి మెడలు నా నడుమంత ఉన్నాయి. మా తలల మీద ఎత్తున పెద్దతెర. మావాళ్ళు బస్సు కట్టించుకుని వచ్చారు. ఆట ఇంకా మొదలవకముందే "హే-రిమ్! హే-రిమ్!" అని డప్పులు. పోయినేడాది అవే డప్పుల మీద నా పేరు మోగింది.

చెరొక ఆట గెలిచి సమానమయ్యాం. ఆఖరి ఆటలో చివరి చుట్టు. హేరిమ్ ముందుంది. ఆమె వెనకే రేవుబజారు ఐసాయన. బొంగ్రే నీటిబాంబులో ఇరుక్కుని బుడగలో తేలుతోంది. అక్క తొక్కలన్నీ అయిపోయి, రోడ్డు పక్క గోడకి కొట్టుకుంటూ వస్తోంది. నేను అందరికంటే వెనక. నా చేతిలో కవచం ఉంది. మూల పటంలో చూశాను. ఐసాయన పెట్టె గుద్దాడు, రాకెట్టు దొరికింది. ఎర్రటి గురి గుండ్రంగా హేరిమ్ బండి మీద కూర్చుంది.

ఇప్పుడు నేను ఒక్క కీ నొక్కాలి. నొక్కితే అందరి చుట్టూ కవచం లేస్తుంది, రాకెట్టు పగిలిపోతుంది, ఆ పిల్ల గీత దాటుతుంది, దాని పేరు పడుతుంది. నొక్కకపోతే? ఆలస్యమైందంటాను. పెద్దదాన్ని, వేలు జారిందంటాను. ఎవరు కనిపెడతారు? అంతా ముందుబండినే చూస్తున్నారు. చేపలకొట్టు ముందు గుడ్డ విప్పేస్తారు. వచ్చే ఏడు ముందుబండి మళ్ళీ నాదవుతుంది. డప్పులు చెవుల్లో మోగుతున్నాయి, హే-రిమ్, హే-రిమ్.

"గెలిచి చావవే, దిక్కుమాలినదానా! నీ మొహం మండ! పో, నా చోటు తిని బతుకు! ఇదిగో, తీసుకో!" అని మందిరమంతా వినబడేట్టు అరిచి, కీ విరిగిపోయేట్టు కొట్టాను.

కవచం లేచింది. రాకెట్టు తగిలి తుస్సుమంది. హేరిమ్ గీత దాటింది.

ఆ తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో తెలియదు. పెద్దతెర మీద ఒక్కటే పేరు. ఆ అమ్మాయిని అత్తగారు ఎత్తుకుంది. ఫోటోవాళ్ళు ఆమెను మధ్యలో నిలబెట్టి, మమ్మల్ని "కాస్త పక్కకి, పిన్నీ, ఇంకాస్త" అని జరిపి జరిపి, చివరికి ఫోటోలో నా భుజం ఒక్కటే మిగిల్చారు.

పక్కసందులో ఓ హోటలుకి వెళ్ళాం. మొలకల పులుసన్నం, ఇత్తడి కెటిల్‌లో బియ్యపుకల్లు. హేరిమ్ నా ఎదురుగా కూర్చుంది. మొహమంతా ఎర్రబడి ఉంది. రెండు చేతులతో నా గిన్నెలోకి కల్లు వంచింది, మర్యాదగా.

"పిన్నీ, మీరు వెనకనుంచి తిడుతుంటే భయమేసి ఇంకా గట్టిగా ఉరికాను" అని నవ్వింది. "అయినా ఈరోజు నా అదృష్టం చూశారా? ఆఖరి చుట్టులో ఒక్క దెబ్బంటే ఒక్క దెబ్బ తగల్లేదు!"

అదృష్టమట! కవచం సంగతి చెప్పబోయాను. ఈలోగా అత్తగారి బల్ల దగ్గరనుంచి పిలిస్తే ఆమె లేచి పరుగెత్తింది. పక్కన కిసుక్కున చప్పుడైంది. గ్యంగోక్ అక్క. చెంచా పట్టుకుని, భుజాలు ఊగిపోయేట్టు నవ్వుతోంది. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏంటక్కా నవ్వు? నా కొంప కూలితే నవ్వులాటగా ఉందా?"

"ఎలా ఉందే, మిరాన్? చేదుగా ఉందా?"

"విషంలా ఉంది! కాపాడింది నేను! అదృష్టమట, దాని మొహం!"

"రెండేళ్ళు తాగాను నేను ఆ విషం" అంది. నవ్వు ఆగిపోయింది. "గెలిచిన ప్రతిసారీ నువ్వు కూడా అదే అనేదానివి. 'ఈరోజు నాకు భలే కలిసొచ్చింది అక్కా' అని. ఒక్కసారైనా వెనక్కి తిరిగి ఎవరు కాపాడారే అని అడిగావా?"

నేను అడగలేదు. అడగాలని తెలియదు.

"నిన్ను చూస్తే కడుపు మండిపోయేది నాకు. ఆ డప్పులూ, నీ పేరూ. ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకుని నిన్ను తిట్టుకునేదాన్ని. పొద్దున్నే నీకే జుట్టు దువ్వేదాన్ని." కల్లు గిన్నె ఎత్తి గటగటా తాగి కింద పెట్టింది. "ఇక్సాన్‌లో నా చేతిలో కవచం ఉందే."

"ఏంటీ?"

"ఉంది. నీ మీద గురి పడటం చూశాను. వేలు కీ మీదే ఉంది. నొక్కలేదు."

బొంగ్రే ఎదుటిపక్క బల్లకి తలానించి నిద్రపోతోంది. ఆమె విని ఉంటే బాగుండేదేమో, ఇప్పటికీ నేను చెబితే నమ్మదు.

"నొక్కలేదా?" అన్నాను. "చేతిలో పెట్టుకుని నొక్కలేదా?"

"లేదు. తిరుగుబస్సులో నీ పక్కనే కూర్చుని, నువ్వు ఏడుస్తుంటే కమలాపళ్ళు ఒలిచి పెట్టాను. అప్పుడే అనుకున్నాను, ఇక నేను తోకలో కూర్చోకూడదని. నా చేతిని నేను నమ్మను."

"మరి నన్నెలా కూర్చోబెట్టావు? ఈ బజారులో నా అంత కుళ్ళుబోతు ఉందా? నేనూ నొక్కకపోతే?"

"నువ్వు నొక్కుతావు" అంది అక్క. "నీ కుళ్ళు నోట్లోంచి పోతుంది. అరుస్తావు, శాపాలు పెడతావు, నెత్తళ్ళ తలలు వేస్తావు, అక్కడితో అయిపోతుంది. నాది ఎక్కడికీ పోదు. నువ్వు తిట్టి నొక్కావే. నేను నవ్వుతూనే నొక్కకుండా ఊరుకున్నాను."

ఆ వేడివేడి పులుసుగిన్నె తీసి ఆవిడ నెత్తిన కుమ్మరించాల్సింది నేను. ఏడాదంతా నా చేతులవల్ల ఓడిపోయామని కుమిలిపోయాను. గిన్నె మీద చెయ్యి వేశాను కూడా. కోపం రావాలని ఎదురుచూశాను. వచ్చిందేమిటో చెప్పనా? సంతోషం. సిగ్గులేని, ఒళ్ళంతా పాకే సంతోషం. పుట్టిన దగ్గరనుంచి ఒకరి మీద పడి ఏడవడమే కానీ, నన్ను చూసి ఒకరు ఏడ్చారని నేనెప్పుడూ వినలేదు. అదీ ఎవరు? బజారంతా బంగారమనే మనిషి. మొగుడు వదిలేసి పోతే ఏడవని మనిషి, నా పేరు చూసి దుప్పట్లో ఏడ్చిందట.

"నిజంగానా అక్కా?" అన్నాను. "అంత కుళ్ళుకున్నావా నా మీద?"

"చచ్చేంత."

గిన్నె మీంచి చెయ్యి తీశాను. కెటిల్ అందుకుని ఆవిడ గిన్నె నిండా కల్లు పోశాను. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"ఎప్పుడు మొదలైంది?" అన్నాను. "మొదటినుంచి చెప్పు, ఒక్కటీ వదలకు."